గుట్ట అవతల వదిలిన పావురాలు

నా హస్తవాసి మంచిదని జనం అంటారు. నేను సూది వేస్తే పిల్లలు ఏడవరట. టీకాల రోజున తల్లులు పక్క బల్లను దాటుకుని నా బల్ల దగ్గరికే వస్తారు. "ఈ అమ్మ మెత్తగ ఏస్తది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు ఆ మంట.

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోసి మోసి అలవాటు పడాలి కదా. పడలేదు. కాలం గడిస్తే తప్పు పలచబడుతుందని ఎవరో అంటే నమ్మాను. పలచబడలేదు. పైగా ఏడాదికేడాది కోపం పెరుగుతోంది. మా ఆయన మీద కోపం. ఆయన స్నేహితుల మీద కోపం. ఆ రోజు నోరు మూసుకుని వెళ్లిపోయిన ఆ మనిషి మీద కూడా కోపం, సిగ్గు లేకుండా రాస్తున్నాను, అతని మీద కూడా. ఇక నా మీద ఉన్నదానికి కోపం అనే పేరు చాలదు.

మీకు నేనెవరో తెలియదు. తెలియకూడదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇదీ ఒక ధైర్యమేనా అని అడుగుతారేమో. అడగండి. నన్ను నేనూ అదే అడుగుతున్నాను.

మాది కొత్తగూడెం. మా అత్తగారిది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. కింద దుకాణం, దూది మిషను. పైన మేం. మా పైన పావురాలు. నేను కాపురానికి వచ్చేసరికే మేడ మీద గూళ్లున్నాయి. మామూలు పావురాలు కావు, రేసువి. ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా ఇల్లు వెతుక్కుంటూ వచ్చే జాతి. మా ఆయన వాటిని చూసే చూపు వేరు. నాకు జ్వరం వస్తే గోళీ వేసుకోమని మెట్ల మీంచే అరిచే మనిషి, పావురం ముక్కు తడిగా ఉందంటే దాన్ని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చునేవాడు. ఈ మాట అసూయతో రాస్తున్నానా? అవును, అసూయే. పక్షుల మీద అసూయ పడాల్సి రావడం ఎంత నామోషీ, అది కూడా కోపంలోనే కలిసింది.

అప్పట్లో నర్సుగా నా డ్యూటీ అడవిలోని ఒక సబ్‌సెంటర్లో. పాల్వంచ దాటి, కిన్నెరసాని వంతెన దాటి, అక్కడి నుంచి పక్కకు తిరిగి గుట్టల్లోకి పోవాలి. ఆ దారిలో చివరి ఊరు. ఊరి పేరు రాయను. రోజూ స్కూటీ మీద పోయిరావడం. వానాకాలంలో బురద, ఎండాకాలంలో దుమ్ము. దారి పొడవునా ఫోను సిగ్నల్ ఉన్నచోట ఆగి ఇంటికి ఫోను చేయడం. మా ఆయనకు ఆ దారి వరమైంది. రెక్కలొచ్చిన కొత్త పిల్లల్ని మోసుకుపోవడానికి ఇంట్లోనే మనిషి దొరికింది కదా.

పావురాలకు ఇల్లు వెతుక్కోవడం పుట్టుకతోనే పూర్తిగా రాదు. నేర్పాలి. మొదట మేడ చుట్టూ తిప్పాలి. తర్వాత బుట్టలో పెట్టుకుని ఊరి చివర వదలాలి. అక్కడి నుంచి రావడం వచ్చాక ఇంకాస్త దూరం, ఆ తర్వాత ఇంకాస్త. తొందరపడితే పోతాయి. మబ్బులో వదిలితే దిక్కు తెలియక పోతాయి. కడుపు నిండి ఉన్నా రావు, ఏ చెట్టుమీదో కూర్చుండిపోతాయి, ఆకలి ఉంటేనే ఇల్లు గుర్తొస్తుంది. ఇవన్నీ ఆయన రోజూ చెప్పేవాడు. నేను వినడం లేదనుకునేవాడు. అన్నీ విన్నాను. ఎంత బాగా విన్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

పొద్దున్నే స్కూటీ వెనక వెదురుబుట్ట కట్టేవాడు. "వంతెన కాడనే ఇడువు. గుట్ట దాటియ్యకు. మబ్బుంటే వాపస్ తే" అనేవాడు. "జాగ్రత్తగా పో" అన్నది ఎప్పుడూ నాతో కాదు. బుట్టతో.

ఇక ఆ ఏడాది సంగతి. మాకు బదిలీల కౌన్సెలింగ్ వచ్చింది. కొత్తగూడెంలోనే, మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక పోస్టు ఖాళీ. నా సర్వీసుకు అది తప్పకుండా వచ్చేది. అందరూ నీదే అన్నారు. ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టాలి. నాకు ఆ పనులు తెలియవు, ఆయనే నెట్ సెంటర్‌కు వెళ్లి పెట్టొచ్చాడు. లిస్టు వచ్చాక చూస్తే నేను ఉన్నచోటే ఉన్నాను. నాకంటే చాలా తర్వాత చేరిన అమ్మాయికి ఆ పోస్టు. నేనే ఆ అమ్మాయికి ఫోను చేసి అభినందించాను కూడా. ఆమె ఆశ్చర్యపోయి, "అక్కా, నువ్వు ఆప్షనే పెట్టలేదంట కదా, అందుకే నాకొచ్చింది" అంది.

ఇంటికొచ్చి అడిగాను. ఆయన మేడ మీద గూళ్లు కడుగుతున్నాడు. తల కూడా తిప్పలేదు.

"ఇంకొక్క యేడు ఆ దారినే పోరాదు. ఈ బ్యాచ్ పిల్లలు మస్తున్నయ్. నువ్వు ఊళ్లెకొస్తే వీటిని ఎవలు మోస్కపోతరు?"

నవ్వుతూ అన్నాడు. అదే. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆయన నవ్వాడు. అందులో దాచాల్సిన తప్పేదో ఉందని కూడా ఆయనకు తోచలేదు. నేను కిందికి దిగి అన్నం వండాను. ఏమీ అనలేదు. ఆ రోజే గిన్నెలు పగలగొట్టి అరిచి ఉంటే, పదిమంది పోగై ఉంటే, పుట్టింటికి వెళ్లిపోయి ఉంటే, ఒక మనిషి వినికిడి మిగిలి ఉండేది. మంచి ఆడది అనిపించుకోవడానికి నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న కోపమే తర్వాత తనకు తోచిన దారి వెతుక్కుంది.

కొద్దిరోజులకు ఒక పొద్దున. ఆకాశం మూసుకుని ఉంది, కానీ మా ఊరి మీద మాత్రం కాస్త తెరిపి. ఆయన బుట్ట కట్టాడు. ఆ ఏటి పిల్లల్లో మంచివన్నీ అందులోనే. ఇరవై దాకా ఉంటాయి. వంతెన దగ్గరికి వచ్చాను. స్కూటీ ఆపాను. ఫోను తీసి, "ఇడిసిన" అన్నాను. బుట్ట వెనకే ఉంది. లోపల అవి కదులుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆయనకు వినిపిస్తుందేమోనని ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాను.

ముందే అబద్ధం చెప్పానన్న సంగతి గమనించండి. చేశాక భయపడి చెప్పిన అబద్ధం కాదు అది. చెప్పాక కూడా నాకు కావలసినంత సమయం ఉంది. అక్కడే మూత తీయవచ్చు. తీయలేదు. గుట్ట ఎక్కాను, దిగాను, సబ్‌సెంటర్‌కు వచ్చాను. బుట్టను వెనక వైపు చూరు కింద పెట్టాను. గంటకోసారి ఆయన ఫోను. "వచ్చినయా?" అని నేనే అడిగాను ఒకసారి. అడిగాను! కాలి దగ్గర అవి గురగురమంటుంటే అడిగాను. "ఇంకా రాలే" అన్నాడు. గొంతులో నీరసం మొదలైంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్తే మీరు ఇక్కడితో చదవడం ఆపేస్తారేమో.

మధ్యాహ్నం నా డబ్బాలో అన్నం వాటికి పెట్టాను. జాలితో కాదు. కడుపు నిండాలని. నీళ్లు కూడా పెట్టాను. అవి తిని, తాగి, రెక్కలు సర్దుకున్నాక, గుట్టల మీద మబ్బు దిగి తాటిచెట్ల తలలు కనబడకుండా పోతున్న వేళ చూసి మూత తీశాను.

అక్కడ బోరింగు దగ్గర ముత్తయ్య నీళ్లు పట్టుకుంటున్నాడు. ఇది అతని అసలు పేరు కాదు. ఆ ఊరివాడే, కొంత పోడు సాగు, మిగతా రోజుల్లో కూలి. భార్య లక్ష్మికి ఏడో నెల. రక్తం బాగా తక్కువ. బీపీ చూపించడానికి, గోళీల కోసం ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. ఆ రోజూ అలాగే వచ్చాడు.

"ఎవల పావురాలు సిస్టరమ్మా?"

"మావే. ఇంటికి పోతయ్."

"గింత దూరంకెల్లా?"

అతను తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. నేనూ చూశాను. లేచాయి. ఒక చుట్టు తిరిగాయి. ఇంకొకటి. చుట్టు పెద్దది కావాలి, దిక్కు పట్టాలి. కాలేదు. కొన్ని తాటిచెట్లలోకి పోయాయి. కొన్ని మా రేకుల మీద వాలాయి. ఒకటి, బూడిదరంగు మెడది, తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర బుట్ట మీదే వాలింది. లోపలికి పోవడానికి మూత చుట్టూ తిరిగింది. దానికి తెలిసిన ఇల్లు ఆ అడవిలో ఆ బుట్ట ఒక్కటే కదా. చున్నీతో అదిలించాను. మళ్లీ వచ్చింది. మళ్లీ అదిలించాను. ముత్తయ్య ఇదంతా చూశాడు. తర్వాత వాన పడింది.

ఆ సాయంత్రం నాకు ఆకలి బాగా వేసింది. కడుపునిండా తిన్నాను. ఆయన తినలేదు. మేడ మీద గింజల డబ్బా ఆడిస్తూ, ఈల వేస్తూ, చీకటి పడేదాకా నిలబడ్డాడు. మర్నాడు దుకాణం తెరవలేదు. వంతెన చుట్టుపక్కలంతా బండి మీద తిరిగాడు. పొలాల్లో దిగి వెతికాడు. మూడో రోజుకు కళ్లు లోపలికి పోయాయి. ఆయన మంచివాడు కాదని నేను రాయలేను. ఆ పక్షుల కోసం ఆయన పడ్డ బాధ నిజం. దాన్ని నేను దగ్గర కూర్చుని చూశాను, చూడాలనే చూశాను.

ఆయనకు పావురాల స్నేహితులు ఇద్దరు. ఒకాయనది బ్యాటరీల దుకాణం. ఇంకొకాయన ఆటోలు కిరాయికి తిప్పుతాడు. పరామర్శకు వచ్చినట్టు వచ్చి కూర్చునేవాళ్లు. "గిన్ని ఒక్కసారే పోవుడేంది? డేగ కొడితే ఒకటో రెండో పోతయ్. ఎవలో వల ఏసిన్రు. గుట్టలోళ్లే అయుంటరు" అన్నాడు బ్యాటరీల ఆయన. ఏ ఆధారం లేదు. ఎవరూ ఏమీ చూడలేదు. టీ చల్లారేలోపు అది నిజమైపోయింది. నేను కప్పులు తీసుకుంటూ విన్నాను. ఖండించలేదు. ఎందుకు ఖండిస్తాను? ఆ మాట నాకు పనికొచ్చేది. వెతుకులాట నా వైపు రాకుండా చేసేది. దొంగలెవరో అడవిలో ఉన్నారంటే, ఇంట్లో ఉన్న నేను క్షేమం.

ఆదివారం వచ్చింది. ముగ్గురూ దుకాణంలో కూర్చున్నారు. నేను లోపలి గుమ్మం దగ్గర ఉన్నాను. బయట ఎవరో పరుపుల దుకాణం ఇదేనా అని అడుగుతున్న గొంతు. ముత్తయ్య. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. చేతిలో తువ్వాలు చుట్టిన గంప. బస్సులు మారి వచ్చాడు.

"సిస్టరమ్మ ఇల్లు గిదేనా సార్? గీ పావురం మా చేన్ల దొరికింది. రెక్క ఇరిగినట్టుంది. ఇయ్యాల సెంటర్ బందుంది, మా ఊళ్లె ఉంచితే సచ్చిపోతదని తెచ్చిన."

మా ఆయన ఒక్క ఉదుటున లేచాడు. తువ్వాలు విప్పాడు. బూడిదరంగు మెడ. కాలికి మా రింగు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. ఆ ఒక్క క్షణం అక్కడే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

"ఏ ఊరు నీది?" అని అడిగాడు ఆటోల ఆయన.

ముత్తయ్య ఊరి పేరు చెప్పాడు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"గుట్ట అవుతల గదా. వంతెన కాడ ఇడిస్తే ఇల్లు ఇటు, నీ ఊరు అటు. గుట్ట దాటి అటెట్ల పోతదిరా పావురం?"

"నాకెట్ల ఎరుక సార్. దొరికింది, తెచ్చిన."

"పట్కపోతే పోతది. మిగిలినయేవి? వండుకున్నరా?"

అర్థమైందా మీకు? వాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. వాళ్ల లెక్క సరైనదే. వంతెన దగ్గర వదిలిన పావురం ఆ ఊళ్లో దొరకదు. ఎవరో పట్టుకుపోతే తప్ప. నేను ఫోనులో చెప్పిన ఒక్క మాట ఆ మనిషిని దొంగను చేసింది. వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అతని రంగు, గంప, మాట తీరు, ఇవి మిగతా పని చేశాయి.

ముత్తయ్యకు మొదట కోపం రాలేదు. ఇది చిన్న పొరపాటు, ఇప్పుడే సర్దుకుంటుందన్నట్టు నా వైపు చూశాడు. నన్ను చూసి అతనికి ధైర్యం వచ్చింది. అది నేను చూశాను.

"సిస్టరమ్మను అడుగుండ్రి. ఆమెకు ఎరుకే" అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "నీకేమన్న తెలుసా?"

"నాకేం తెలుసు?" అన్నాను. "ఆయన భార్య నా దగ్గర చూపించుకుంటది. అంతే."

ముత్తయ్య నన్ను చూశాడు. తర్వాత చూపు తిప్పుకున్నాడు.

"అవ్" అన్నాడు. "ఆమెకేం ఎరుక."

బ్యాటరీల ఆయన లేచి చాచి కొట్టాడు. ఎడమ చెవి మీద. ముత్తయ్య దూది మిషను దిమ్మె మీద పడ్డాడు. ఆటోల ఆయన చొక్కా పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. మా ఆయన ఎవరినీ ఎప్పుడూ కొట్టిన మనిషి కాదు. ఆ రోజు చేతుల్లో పావురం ఉంది. దాన్ని గుండెకు జాగ్రత్తగా హత్తుకుని, కాలితో తన్నాడు.

చెవి నుంచి నెత్తురు వచ్చింది. మాది దూది దుకాణం. గోడ వెంట పైకప్పు దాకా దూది బస్తాలు. నేను నర్సును. ఒక ముక్క దూది తెచ్చి ఇవ్వలేదు. ఇస్తే అతని దగ్గరికి వెళ్లాలి. వెళ్తే అతని ముఖం చూడాలి. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అతను తువ్వాలు తీసుకుని చెవికి అదుముకుని వీధిలోకి పోయాడు. గంప అక్కడే ఉండిపోయింది.

నిజం చెప్పి ఉంటే నాకేం అయ్యేది? ఈ లెక్క నేను వందలసార్లు వేశాను. ఆయన అరిచేవాడు. స్నేహితుల ముందు నా పరువు పోయేది. ఇంట్లో కొన్నాళ్లు మాటలుండేవి కావు. మామూలుగానే మా ఇంట్లో మాటలు అంతంతమాత్రం. అంతే. ఆ కాస్తకు భయపడి తెలియదన్నాను. ప్రాణభయమై ఉంటే నన్ను నేను ఎక్కడో ఒకచోట క్షమించుకునేదాన్నేమో. ఇంత చిన్నదాని కోసమా అన్నదే నన్ను తినేస్తోంది.

ఆ తర్వాత లక్ష్మి సబ్‌సెంటర్‌కు రాలేదు. ఆశా కార్యకర్తను పంపాను, రాలేదు. నేనే ఇంటికి వెళ్లాను. ఆమె లోపలి నుంచే, "మాకొద్దు తియ్యి సిస్టరమ్మా" అంది. అంతే అంది. ముత్తయ్య వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. పిలిచాను. పలకలేదు. కోపంతో పలకలేదనుకున్నాను. ఇంకోవైపు నుంచి భార్య పిలిస్తే తిరిగాడు. అప్పుడు తెలిసింది నాకు. చెవి పోయిందని.

ఊళ్లో ఎవరికీ అతను నా సంగతి చెప్పలేదు. "పట్నంల ఎవలో కొట్టిన్రట" అన్నంతవరకే ఆశా కార్యకర్తకు తెలుసు. ఎందుకు చెప్పలేదు? చాలా ఏళ్లు అతనిది గొప్ప మనసు అనుకున్నాను. నన్ను కాపాడాడు అనుకుని ఏడ్చాను కూడా. ఇప్పుడు ఆ ఏడుపు తలచుకుంటే అసహ్యం. అతనికి గొప్ప మనసు అంటగట్టడం కూడా నా సౌకర్యానికే. అతను మన్నించాడో లేదో నాకేం తెలుసు? మా దుకాణంలో ముగ్గురు మగవాళ్ల ముందు, నర్సు మాట ఒకవైపు, తన మాట ఒకవైపు ఉంటే ఏది నిలుస్తుందో అతను ఒక్క చూపులో తేల్చుకున్నాడు. చెప్పి ఇంకో దెబ్బ తినడం ఎందుకనుకున్నాడు. అంతే అయ్యుంటుంది. అరిచి ఉండాల్సింది అతను. నన్ను వేలు పెట్టి చూపించి, చూశాను, ఈమే వదిలింది అని అరిచి ఉండాల్సింది. ఎందుకు అరవలేదని నేను కోపం తెచ్చుకుంటున్నాను. చూడండి, నా సిగ్గులేనితనం ఎక్కడిదాకా పోయిందో. నేను అనాల్సిన మాట అతను అనలేదని అతని మీద కోపం.

లక్ష్మి ఇంట్లోనే కన్నది. రక్తం ఆగక భద్రాచలం తీసుకెళ్లారు. తల్లీ బిడ్డా బతికారు. ఆడపిల్ల. ఆ కబురు విని నేను సబ్‌సెంటర్ గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. వాళ్లు బతకడంలో నా చేయి లేదు. చచ్చిపోయి ఉంటే మాత్రం ఉండేది.

మరుసటి ఏడు నా ఆప్షన్లు నేనే పెట్టుకున్నాను. కొత్తగూడెం ఆస్పత్రికి వచ్చేశాను. ఆ బూడిదరంగు మెడది రెక్క కట్టించుకుని బతికింది. దాని సంతానం రేసుల్లో గెలిచింది. కప్పులు దుకాణంలో అద్దాల వెనక ఉన్నాయి. ఎవరైనా వాటి గురించి అడిగితే మా ఆయన కథ చెప్తాడు, పావురాల దొంగ తనంతట తానే వచ్చి ఎలా దొరికిపోయాడో. పెళ్లిళ్లలో చెప్తాడు. దావత్‌లలో చెప్తాడు. "గంపల పెట్టుకోని మా ఇంటికే తెచ్చిండు, ఎంత అమాయకుడో" అని నవ్వుతాడు. చెప్పినప్పుడల్లా ఇంకొంచెం కలుపుతాడు. అందరూ నవ్వుతారు. నేను బిర్యానీ వడ్డిస్తూ ఉంటాను.

కిందటి నెల. ఆస్పత్రిలో కుక్కకాటు సూదుల వరస. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్ల, పిక్క మీద కట్టు. చీటీ మీద ఊరి పేరు చదివి తలెత్తాను. పిల్ల వెనక ముత్తయ్య. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. ముఖంలో ఏమీ మారలేదు. వేరే బల్ల ఉంటే పోయేవాడేమో. ఆ రోజు వేరే బల్ల లేదు.

పిల్లకు సూది వేశాను. ఆ పిల్ల వయసు నాకు చీటీ చూడక్కర్లేకుండా తెలుసు. లేచి అతని పక్కకు వెళ్లాను. ఎడమ పక్కకు. "ఆ రోజు నేనే అబద్ధం చెప్పాను. నీ తప్పేం లేదు" అన్నాను. మెల్లగా అన్నాను. ఆ చెవికి వినబడదని తెలిసే అన్నాను. అతను ఏదో కదిలిందనిపించి తల ఇటు తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టాడు.

"ఏందమ్మా?"

"మూడో రోజు మళ్లీ తీసుకురండి. తప్పొద్దు" అన్నాను.

మూడో రోజు నేను సెలవు పెట్టాను.

ఆ సెలవు రోజున ఇంట్లో కూర్చోలేకపోయాను. నా మీద నాకు అంత రోత ఎన్నడూ కలగలేదు. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి పైకి వచ్చాడు. పళ్లెం పెట్టి, ఎదురుగా కూర్చుని, మొత్తం చెప్పాను. ఆప్షన్ల దగ్గర మొదలుపెట్టి చెప్పాను. ఫోను, బుట్ట, నా డబ్బాలో అన్నం, మబ్బు, చున్నీ, ముత్తయ్య, అన్నీ. ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నాడు.

ముద్ద పళ్లెంలో పడేసి అన్నాడు: "గుట్ట దాటిచ్చినవా? అన్నం బెట్టి ఇడిసినవా?" కళ్లు తడయ్యాయి. "నా పిల్లలను నువ్వే జంపినవ్."

"ముత్తయ్య?" అన్నాను.

"ఎవలు?"

"మీరు కొట్టిన మనిషి. చెవి పోయింది."

ఆయన నన్ను విసుగ్గా చూశాడు. "గప్పటి ముచ్చట గిప్పుడెందుకు. బయట అనకు, నవ్వుతరు." అంతే. చేయి కడుక్కుని మేడ మీదికి వెళ్లాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. ఏ నిశ్శబ్దానికి భయపడి ఇదంతా చేశానో అది వచ్చి ఇంట్లో కూర్చుంది. అందులో నేను అన్నం వండుకుంటున్నాను, డ్యూటీకి వెళ్లొస్తున్నాను, నిద్రపోతున్నాను. భరించగలిగేదే. అప్పుడూ భరించగలిగేదాన్నే.

మీరు నన్ను మన్నించకండి. మీకు ఆ హక్కు లేదు, నాకు అడిగే ముఖం లేదు. ముత్తయ్యకు వినబడే వైపు నిలబడి చెప్పాలి. చెప్తానని మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. ఆయన స్నేహితులకు చెప్పాలి, ఆ ఊళ్లో చెప్పాలి. ఏదీ ఇంకా చేయలేదు. ఇది మాత్రం రాశాను.

పావురాలను కావాలని పోగొట్టింది నేను. తెలిసి తెలియదన్నది నేను. ముత్తయ్య దొంగతనం చేయలేదు. దెబ్బతిన్న పక్షిని దాని ఇంటికి చేర్చడానికి బస్సెక్కి వచ్చాడు.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. కోపం తగ్గలేదు. తగ్గకూడదనే ఉంది.